వివరణ పెరిగిన కొద్దీ చిత్రం తరిగింది



తెలుగు వివరణలతో కూడిన చిత్రాలనో, పాత పుస్తకాల పుటలనో ఏదో ఒక వెబ్ సేవకు ప్రోగ్రాము ద్వారా పంపేవారు మీలో ఎందరో ఉన్నారు. వారికి అక్కరకు రాగలదని ఈ టపా వ్రాస్తున్నాను. ఇందులో కొంత వ్యవసాయం, కొంత సాంకేతికం, కాస్త ఛందస్సు కలగలిసి ఉంటాయి. ఓపికతో చదువగోరుతాను.

ముందుగా కార్డుల సంగతి చెప్పాలి. నాకంటె పద్దెనిమిదేండ్లు పెద్దవారు, ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో నాకు పాఠం చెప్పడమెట్లాగో నేర్పినవారు, ఒక తెలుగు పండితులు ఉండేవారు. మేమందరం ఆయనను పెద్దమాస్టారు అని పిలిచేవాళ్ళం. ఆయన 1974 నుండి 2003 వరకు, బడికి సెలవైన ప్రతి రోజూ, ఊళ్ళ వెంట తిరిగి వ్యవసాయపు మాటలు పోగుచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఆయనకు ఆదర్శం. అది వ్యవసాయ పదాల సంపుటం. దానిని చదివిన తరువాత, మన చుట్టుపట్ల ఊళ్ళ మాటలు ఇంకా ఎన్ని ఉన్నవో చూద్దామని బయలుదేరిన మనిషి ఇరవై తొమ్మిదేండ్లు ఆగలేదు.

ఒక్కొక్క మాటకు పోస్టుకార్డంత అట్ట. పైన మూలకు తేదీ, దాని ప్రక్కన మాట, మధ్యలో అర్థం, వీలైతే పనిముట్టు బొమ్మ. అట్ట అడుగున చివరి పంక్తిలో ఊరు, చెప్పినవారి పేరు, వయస్సు. ఈ చివరి పంక్తి విషయంలో ఆయనకు చాదస్తమే ఉండేది. “అర్థం ఇంకొకచోట వెదుక్కోవచ్చునయ్యా. ఈ మాట ఎవరి నోట విన్నానో అది ఇంకెక్కడా దొరకదు” అనేవారు. ఇంటిపేరు తెలియని కూలి మనిషిని మళ్ళీ వెదుక్కుంటూ వెళ్ళి, ఇంటిపేరు కనుక్కొని వచ్చి, ఆ పంక్తి పూర్తిచేసిన సందర్భాలు నాకు తెలుసు.

మొత్తం 1,146 కార్డులు. ఆయన 2019లో కాలం చేశారు. 2021 వేసవిలో ఆయన కుమారులిద్దరూ నేనూ కార్డులను పంచుకొని స్కాను చేశాము. చిత్రాలను ఉచితంగా భద్రపరచి అందరికీ చూపే ఒక గ్రంథాలయ సేవకు పంపాలని నిశ్చయించాము. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక్కొక్క కార్డునూ చేతితో ఎక్కించాలంటే ఏడాది పడుతుంది. కనుక బెంగుళూరులో ఇంజనీరుగా ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు చిన్న ప్రోగ్రాము వ్రాసి ఇచ్చాడు. పట్టికలో మాట, వివరణ, చిత్రం ఉన్న చోటు నింపితే అది ఒకదాని తరువాత ఒకటిగా పంపుతుంది. వివరణలు వ్రాసే పని నాది. మాట పుట్టుక, సోదర పదాలు, ఇతర జిల్లాలలోని రూపాలు అన్నీ చేర్చి, మాటను బట్టి రెండు వాక్యాల నుండి పెద్ద పేరా దాకా వ్రాశాను. ప్రతి కార్డుకూ 200 అన్న సంఖ్య వచ్చింది. హెచ్‌టీటీపీ పరిభాషలో అది ‘అందినది’ అని చెప్పడం. అందరం సంతోషించాము.

2022 ఫిబ్రవరిలో ఒక పరిశోధక విద్యార్థిని ఫోను చేసింది. “గొర్రు కార్డులో ఊరి పేరు ఉండవలసిన చోట బూడిదరంగు పట్టీ కనబడుతున్నదండీ. స్కానులో లోపమా?” అని అడిగింది.

నా యంత్రంలోని స్కాను తెరిచి చూశాను. చివరి పంక్తి చక్కగా ఉన్నది. సేవలో ఉన్నది తెరిచి చూశాను. అడుగున అరసెంటీమీటరు మేర బూడిద పూసినట్లున్నది. ఇంకొక పది కార్డులు చూశాను. కొన్నింటికి పట్టీ సన్నం, కొన్నింటికి వెడల్పు, కొన్నింటికి లేనే లేదు. జేపెగ్ చిత్రాన్ని మామూలు పద్ధతిలో పై నుండి క్రిందికి వరుసగా వ్రాస్తారు. కనుక ఫైలు తోక తెగితే అట్ట అడుగు పోతుంది. తోక తెగుతున్నదన్నంత వరకు స్పష్టం. ఎవరు తెంపుతున్నారన్నది ప్రశ్న.

ఇక్కడ మల్టీపార్ట్ అంటే ఏమిటో చెప్పక తప్పదు. మొదట్లో వెబ్ పత్రాలలో నింపిన అక్షరాలను శాతం గుర్తులతో మార్చి పంపేవారు. ‘అ’ అన్న ఒక్క అచ్చుకు ఆ పద్ధతిలో తొమ్మిది గుర్తులు పడతాయి. చిత్రాల వంటివాటిని ఆ దారిన పంపితే మూటకంటె మూటగుడ్డ బరువవుతుంది. 1995 నవంబరులో జిరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మసింటర్ అన్నవారు ఆర్ఎఫ్‌సీ 1867 అన్న పత్రంలో మరొక దారి ప్రతిపాదించారు. ఈమెయిలులో జోడింపుల కోసం 1992 నాటికే ఉన్న మల్టీపార్ట్ పద్ధతిని వెబ్ పత్రాలకు వాడుకొనడమే అది. ఇప్పుడు అమలులో ఉన్న నిర్వచనం 2015 జూలై నాటి ఆర్ఎఫ్‌సీ 7578. ఇందులో పంపవలసిన మాట, వివరణ, చిత్రం అన్నీ ఒకే మూటలో భాగాలు. భాగానికీ భాగానికీ నడుమ ఒక సరిహద్దు గీత, దానినే బౌండరీ అంటారు. పంపేవాడు లోపలి సరుకులో ఎక్కడా రాని ఒక గుర్తుల వరుసను ఎంచుకొని, ఇదీ నా సరిహద్దు అని మూట పైన ప్రకటిస్తాడు. అది డెబ్బై గుర్తులకు మించరాదు. ప్రతి భాగానికి ముందు రెండు అడ్డగీతలు పెట్టి ఆ వరుస వ్రాస్తాడు. అన్నిటికంటె చివర వచ్చేదానికి వెనుక కూడా రెండు అడ్డగీతలు పెడతాడు. అంటే సమాప్తం అన్నమాట. గీతకు ముందుండే పంక్తిమార్పు కూడా గీతకే చెందుతుంది, చిత్రానికి చెందదు. ఈ చిన్న నియమం తరువాత పనికి వచ్చింది.

ఇవన్నీ కాక మూట మొత్తం బరువు ఎన్ని బైట్లో ముందుగా చెప్పే శీర్షిక ఒకటి ఉన్నది. దాని పేరు కంటెంట్-లెంగ్త్. సర్వరు అక్కడ వ్రాసిన సంఖ్యను నమ్మి, సరిగ్గా అన్ని బైట్లే ఆ మూట క్రింద లెక్కించి తీసుకొంటుంది.

ఇక అనుమానితులు. పరిమాణం మించిందా? సర్వర్లలో ఎంజినెక్స్ సహజంగా ఒక మెగాబైటు దాటితే 413 అని త్రిప్పికొడుతుంది. పీహెచ్‌పీలో మార్చకపోతే ఒక ఫైలుకు 2 మెగాబైట్లు హద్దు. మా చిత్రాలు రంగులు లేకుండా, బాగా కుదించి, 30, 40 కిలోబైట్లకు మించనివి. సరిహద్దు ప్రకటించడం మరచారా? చాలామందికి తగిలే చిక్కు అదే. కంటెంట్-టైప్ శీర్షికను తామే చేతితో వ్రాస్తారు, బౌండరీ పేరు అందులో ఉండదు, సర్వరుకు ఎక్కడ విరవాలో తెలియదు. కానీ అట్లా జరిగితే మొత్తం మూట చెడుతుంది, తోక మాత్రమే తెగదు. లైను నెమ్మదిగా ఉండి మధ్యలో తెగిందా? తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పంపినా తెగింపు అంతే ఉన్నది, ఒక్క బైటు తేడా లేదు. గాలివాటుగా జరిగే నష్టం ఇంత క్రమశిక్షణతో ఉండదు.

ప్రోగ్రాము తన పని తాను నమోదు చేసుకున్న చిట్టాను అప్పుడు చదివాను. అందులో చాలాచోట్ల ‘400, మళ్ళీ ప్రయత్నం, 200’ అని ఉన్నది. ఒక కార్డు ఎక్కిన వెంటనే పంపిన రెండవ కార్డును సర్వరు అర్థం కాలేదని తిరస్కరించడం, ప్రోగ్రాము కొత్తగా తలుపు తట్టి మళ్ళీ పంపడం, అప్పుడు ఎక్కడం. చివరికి 200 వచ్చింది గదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఫైలు పేర్లు తెలుగులో ఉండేవి. వాటి మీద అనుమానం వచ్చి, అన్నింటినీ అంకెలుగా మార్చి పంపి చూశాను. పట్టీ కొంచెం సన్నబడింది గాని పోలేదు. నన్ను ఆలోచనలో పడవేసినది ఇదే. పేరే దోషి అయితే పూర్తిగా పోవాలి, నిర్దోషి అయితే ఏ మార్పూ ఉండకూడదు. కొంచెం తగ్గడమేమిటి?

ఆ రాత్రి ఒకే చిత్రాన్ని పదిమార్లు పంపాను. ఫైలు పేరు, శీర్షిక అంకెలలోనే ఉంచి వివరణ మాత్రం మారుస్తూ వచ్చాను. పంపిన దానిని మళ్ళీ దింపుకొని బైట్లు పోల్చాను. వివరణ ఇంగ్లీషులో ఉంటే ఎంత పొడవైనా చిత్రం నిక్షేపంగా ఉన్నది. 412 తెలుగు సంకేతాలున్న వివరణ పెడితే చిత్రం 776 బైట్లు తగ్గింది. ఇక ‘మేడి’ అని ఒక్క మాట పెట్టినప్పుడు విచిత్రం జరిగింది. చిత్రం తగ్గలేదు సరికదా, 40 బైట్లు పెరిగింది!

పెరిగినదేమిటో చూద్దామని ఆ ఫైలును అక్షరాలు చూపే పరికరంలో తెరిచి చివరికి వెళ్ళాను. జేపెగ్ సమాప్తి గుర్తు తరువాత, ఒక పంక్తిమార్పు, రెండు అడ్డగీతలు, ఆ వెనుక ప్రోగ్రాము ఎంచుకున్న సరిహద్దు వరుస. అది కూడా పూర్తిగా లేదు, చివర నాలుగు గుర్తులు లేవు. పొలం గట్టు కోతకు గురై సగం మన పొలంలో పడ్డట్లు, గీత వచ్చి చిత్రంలో పడి ఉన్నది. సమాప్తపు గీత పూర్తిగా లేకపోవడం వల్ల సర్వరు దానిని గీతగా గుర్తించలేదు, చిత్రంలో భాగమే అనుకున్నది.

ఆ ప్రోగ్రాము వాడిన వరుస 40 గుర్తులు. ముందు పంక్తిమార్పు 2 బైట్లు, అడ్డగీతలు 2, వెనుక అడ్డగీతలు 2, చివరి పంక్తిమార్పు 2, వెరసి 48. ‘మేడి’లో నాలుగు సంకేతాలు. 48లో 40 మిగిలి చిత్రానికి అంటుకున్నవంటే పోయినవి 8, అంటే సంకేతానికి రెండు. పెద్ద వివరణకు చూడండి. 412 సంకేతాలకు రెండేసి చొప్పున 824. అందులో 48 గీత మ్రింగింది, మిగిలిన 776 చిత్రం నుండి పోయినవి. లెక్క సరిపోయింది.

సరిపోయిన లెక్కను ఇంకొకమారు పరీక్షించడం పంతులు బుద్ధి. సరిగ్గా 24 సంకేతాల వివరణ పెడితే పోవలసినవి 48, అంటే గీత మాత్రమే పూర్తిగా పోయి చిత్రం ఎక్కువా తక్కువా కాకుండా రావాలి. ‘నాగలిని రైతు పట్టుకొనే పిడి’ అని వ్రాసి పంపాను. మేడికి అంతకంటె మంచి అర్థం నేను చెప్పలేను, సంకేతాలు కూడా ఇరవై నాలుగే. దింపుకొని పోల్చాను. ఒక్క బైటు తేడా లేదు.

ఆ చిన్న వాక్యాన్నే తీసుకొని చూడండి. మన లెక్కకు అందులో 12 అక్షరాలు. యూనికోడు లెక్కకు గుణింతపు గుర్తులు, పొల్లులు వేరు వేరు గనుక, ఖాళీలు వదలి, 24 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడేసి బైట్లు గనుక 72 బైట్లు. ‘స్త్రీ’ అన్నది బడిపిల్లవానికి ఒక్క అక్షరం, యూనికోడుకు ఆరు సంకేతాలు, తీగ మీద పద్దెనిమిది బైట్లు. మూడూ నిజమే. ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఉత్పలమాల పాదం మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. మాత్రలు మారవు, అక్షరాలు ఇరవై ఇరవైయొకటి అవుతాయి. ఏది లెక్కపెడుతున్నావో ముందు చెప్పకుండా ‘ఎంత?’ అని అడిగితే జవాబు ఎవరికి తోచినట్లు వారు ఇస్తారు. జావాస్క్రిప్టును ఒక తెలుగు మాట పొడవెంత అని అడిగితే అది సంకేతాల సంఖ్య చెబుతుంది. కంటెంట్-లెంగ్త్ శీర్షికకు కావలసినది బైట్ల సంఖ్య. ఇంగ్లీషులో ఆ రెండూ ఒకటే గనుక తేడా బయటపడదు.

మరునాడు శిష్యునికి ఫోను చేశాను.

“మాస్టారూ, నేను పరీక్షించే ఇచ్చానండీ. బాగానే పనిచేసింది” అన్నాడు.

“ఏ వివరణతో పరీక్షించావు నాయనా?”

కొంచెంసేపు పలుకలేదు. “టెస్ట్ వన్, టెస్ట్ టూ” అన్నాడు.

అతడిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఉచితంగా, రాత్రులు మేల్కొని చేసిపెట్టిన పని అది. తెలుగు బడిలో చదివిన కుర్రవాడు సైతం కంప్యూటరు ముందు కూర్చునేసరికి ‘టెస్ట్ వన్’ అని కొట్టడం ఈ కాలపు అలవాటు. 400 సంగతి కూడా అతడే విడమరిచాడు. చెప్పిన బరువుకంటె ఎక్కువగా పంపిన బైట్లు దారిలోనే నిలిచి ఉంటాయి. సర్వరు వాటిని తరువాతి మూట మొదలుగా భావించి, ‘ఇదేమి భాష?’ అని త్రోసిపుచ్చుతుంది. మా చిత్రాల తోకలే తరువాతి కార్డుకు అడ్డుపడినవి.

మరమ్మత్తు ఒక్క పంక్తి. పాఠాన్ని మొదట యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, అప్పుడు లెక్కపెట్టాలి. అంతకంటె మేలైనది ఈ మూట కట్టే పనిని అనుభవమున్న పరికరానికి అప్పగించడం. కర్ల్ అనే పరికరానికి ఎఫ్ అన్న సూచన ఇస్తే గీతలు, బరువు అన్నీ అదే చూసుకొంటుంది. లినక్సు వాడేవారు డబ్ల్యూసీ అన్న ఆదేశానికి ‘సీ’ ఇస్తే బైట్లు, ‘ఎమ్’ ఇస్తే సంకేతాలు వస్తాయి. తమ తెలుగు ఫైలు మీద ఆ రెండూ నడిపి చూస్తే నేను చెప్పినది అరనిమిషంలో బోధపడుతుంది.

ఆ గ్రంథాలయ సేవ మీద మాత్రం నాకు కినుక ఉన్నది. సమాప్తపు గీత రాకపోతే మూట అసంపూర్ణమని సర్వరుకు తెలుస్తుంది. పీహెచ్‌పీ వంటి భాషలో ‘ఫైలు పాక్షికంగా అందినది’ అని చెప్పడానికే ప్రత్యేకంగా 3 అన్న సంఖ్య ఉన్నది. ఉత్తరం చివర సంతకం లేకపోతే తపాలాబంట్రోతు అడగడు గాని, దస్తావేజు చివర సంతకం లేకపోతే రిజిస్ట్రారు అడిగి తీరాలి. భద్రపరుస్తామని చెప్పుకొనే చోటు రెండవ కోవకు చెందాలి. 400 అని గట్టిగా తిరస్కరించి ఉంటే 2021 వేసవిలో మొదటి రోజే సంగతి బయటపడేది. మెత్తగా 200 అన్నది. వారికి నా లెక్కలన్నీ చేర్చి వ్రాశాను. సందేశం అందినదని జవాబు వచ్చింది.

నా దగ్గర, చిన్నకుమారుని దగ్గర ఉన్న కార్డుల అసలు స్కానులు భద్రంగా ఉన్నవి. వాటిని మళ్ళీ పంపి, ప్రతిదానినీ దింపి, షా-256 అనే సరిపోలిక సంఖ్యతో పోల్చుకున్నాము. పెద్దకుమారుని వంతు 312 కార్డులు. ఆయన ఇల్లు నెల్లూరులో, పెన్నకు దగ్గర. 200 అని వచ్చినవన్నీ చేరినవే గదా అని, కంప్యూటరులో చోటు కోసం స్కానులు తుడిచివేశారు. అది చేయదగిన పనే, యంత్రం చేరినదని చెప్పింది గనుక. కార్డులు ఇనుపపెట్టెలో పెట్టి ఉంచారు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి ఇంట్లో నడుములోతు నీరు నిలిచింది. పెద్దమాస్టారు వ్రాసినది సిరా కలంతో. పెట్టె తెరిచేసరికి అట్టలు ముద్దగా ఉన్నవి, సిరా నీటిలో కలిసిపోయింది.

కనుక ఆ 312కు సేవలో ఉన్న చిత్రాలే ఇప్పుడు మూలప్రతులు. అందులో వివరణ చిన్నదైనవాటికి అడుగు అంచు మాత్రమే పోయింది. 71 కార్డులకు చివరి పంక్తి సగమో మొత్తమో పోయింది. ఏ మాటల మీద నేను ఎక్కువ వ్రాశానో ఆ మాటలవే పోయినవి. గొర్రు, గుంటక, పలుపు, మోకు, కర్రు. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క రూపం ఉన్న మాటలు, ఎవరు చెప్పారో తెలియకపోతే దేనికీ కొరగానివి.

కార్డుల పై మూల తేదీలు మిగిలాయి. పెద్దమాస్టారు దినచర్య పుస్తకాలు మా ఇంట్లో ఉన్నవి. తేదీని బట్టి ఆ రోజు ఏ ఊరు వెళ్ళారో చూసి 52 కార్డులకు ఊరి పేరు పట్టుకోగలిగాము. పేర్లు దినచర్యలో లేవు, వాటికి కార్డు ఉన్నదన్న ధైర్యం గాబోలు. ఆ ఊళ్ళకు చిత్రాలు అచ్చువేసుకొని వెళుతున్నాను. గుంటక కార్డు మీది బొమ్మ చూసి ఒక అమ్మ, “ఇది మా నాయన చెప్పిందే. ఆ పంతులుగారు మా అరుగు మీద కూర్చుని గీశారు” అన్నది. బొమ్మలో గుంటక పిడికి త్రాడు కట్టిన తీరు వాళ్ళ నాయన ఒక్కడే కట్టేవాడట. ఇట్లా ఇప్పటికి 14 పేర్లు దొరికినవి. దొరకని 57 కార్డుల వివరణలలో ‘అట్ట అడుగు తెగినది, చెప్పినవారి పేరు తెలియదు’ అని చేర్చాను.

ఎండలు ముదరకముందే గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మూడు ఊళ్ళకు వెళ్ళాలి. పలుపు మీద నాలుగు కార్డులు, మోకు మీద రెండు అక్కడివే. ఒకటి 1978 నాటిది. అప్పటికి ఇరవై ఏండ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటి ఉంటుంది, నా ఈడువారే. ఉంటారనే అనుకుంటున్నాను.